నడిమింట్లో నిలబెట్టండి: వైఫై ఎక్స్‌టెండర్ ఎందుకు మొరాయిస్తుంది

(విశాఖపట్నంలో అపార్ట్‌మెంట్ నివాసుల సమావేశంలో ఇచ్చిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, వెనక నించున్నవాళ్ళు వచ్చి కూర్చోండి. మైకు చివరిదాకా వినిపిస్తోందా? సరే.

ఈరోజు మాట్లాడుకునేది అరచేతంత డబ్బా గురించి, అంటే రౌటర్ సిగ్నల్‌ని అందుకుని దూరపు గదులకి మళ్ళీ పంపే వైఫై ఎక్స్‌టెండర్ గురించి. గోడ ప్లగ్గులో గుచ్చుతాం, కుందేలు చెవుల్లా రెండు యాంటెనాలు లేపుతాం. కొత్తలో బాగానే ఉంటుంది. తరవాత మొదలవుతుంది బాధ. ఫోన్లో వైఫై గీతలు నిండుగా ఉంటాయి, వీడియో మాత్రం గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. పీకి మళ్ళీ గుచ్చితే గంటో రెండు గంటలో పనిచేస్తుంది. కొన్నాళ్ళకి దాన్ని పీకి గుచ్చడం ఇంట్లో ఒకరి డ్యూటీ అయిపోతుంది. (నవ్వులు)

ఆ గీతల సంగతి ముందు తేల్చుకుందాం. మీ ఫోన్లో కనిపించే గీతలు ఫోన్‌కీ ఎక్స్‌టెండర్‌కీ మధ్య సంగతి చెబుతాయి, అంతే. ఎక్స్‌టెండర్‌కీ రౌటర్‌కీ మధ్య ఏం జరుగుతోందో వాటికి తెలీదు. శ్లాబు వేసే రోజున కాంక్రీటు తట్టలు చేతులు మారుస్తూ పైకి అందిస్తారు చూడండి. పైనున్న మనిషి ఎంత చురుకైనవాడైనా, మధ్యలో ఒకడు నెమ్మదిగా అందిస్తే పైకి వచ్చేవి నెమ్మదిగానే వస్తాయి. మన కంప్లైంటు ఎప్పుడూ పై మనిషి మీద ఉంటుంది. తప్పు ఎక్కువసార్లు మధ్యలో ఉంటుంది.

అందుకే మొదటి పొరపాటు చోటు దగ్గరే జరుగుతుంది. చివరి పడకగదిలో నెట్ రావట్లేదు, కాబట్టి ఎక్స్‌టెండర్ తెచ్చి ఆ పడకగదిలోనే గుచ్చుతాం. అక్కడ ఫోన్‌కి అందని సిగ్నల్ దానికి మాత్రం ఎలా అందుతుంది? నూతిలో ఉంటేనే కదా చేదలోకి వచ్చేది. సిగ్నల్ లేని చోట పెట్టకూడదు, సిగ్నల్ ఇంకా గట్టిగా ఉన్న చివరి చోట పెట్టాలి. చాలా ఇళ్ళల్లో అది హాల్లోంచి పడకగదులకి వెళ్ళే నడవా మొదలు.

కంటి అంచనా వద్దు, కొలవండి. కొలిచేటప్పుడు ఎక్స్‌టెండర్‌ని పూర్తిగా ఆపేయాలి, లేకపోతే మీరు కొలిచేది దేన్నో మీకే తెలీదు. ఆండ్రాయిడ్ ఫోన్లో వైఫై ఎనలైజర్ తరహా యాప్ ఏదైనా వేసుకోండి. ఐఫోన్ అయితే ఆపిల్ వాళ్ళదే ఎయిర్‌పోర్ట్ యుటిలిటీ అనే యాప్ ఉంది. ఫోన్ సెట్టింగ్స్‌లో ఆ యాప్ పేరు కింద వైఫై స్కానర్ అన్న మీట ఆన్ చేస్తే అంకెలు చూపిస్తుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి నెట్‌ష్, వ్లాన్, షో, ఇంటర్‌ఫేసెస్ (netsh wlan show interfaces) అని నాలుగు మాటలు ఖాళీలిచ్చి కొడితే శాతంలో వస్తుంది. ఆ శాతాన్ని సగం చేసి అందులోంచి వంద తీసేస్తే డీబీఎమ్ లెక్క, అంటే సిగ్నల్ బలం కొలత, దాదాపుగా వచ్చేస్తుంది. 80 శాతం అంటే మైనస్ 60.

ఈ డీబీఎమ్‌లు మైనస్‌లో ఉంటాయి, సున్నాకి దగ్గరైనకొద్దీ బలం. మైనస్ 50 అంటే రౌటర్ పక్కనే కూర్చున్నట్టు. 60 బాగుంది. 67 దాకా వీడియో కాల్ నిలబడుతుంది. 70 దాటితే దినదిన గండం. 80 దగ్గర పేరు కనిపిస్తుంది గానీ పని జరగదు. ఇంకోటి గుర్తుంచుకోండి, 3 తగ్గితే శక్తి సగమైనట్టు, 10 తగ్గితే పదో వంతయినట్టు. 60కీ 70కీ తేడా చిన్నది కాదు.

ఇప్పుడు రౌటర్ దగ్గర మొదలుపెట్టి ఫోన్ పట్టుకుని నెమ్మదిగా నడవండి. ప్రతి గుమ్మం దగ్గరా ఆగి, పదిహేను సెకన్లు నిలబడి అంకె రాసుకోండి. మైనస్ 55కీ 65కీ మధ్య ఎక్కడుందో అదే ఎక్స్‌టెండర్ స్థానం. వైఫై వాడే రేడియో బ్యాండ్లు రెండు, 2.4 గిగాహెర్ట్జ్‌కి ఒకసారి, 5కి ఒకసారి, రెండూ విడిగా కొలవండి. ఇటుక గోడ దాటేటప్పుడు 5 ఎక్కువ నష్టపోతుంది, శ్లాబు దాటేటప్పుడు మరీను.

మన ఊరి ఇళ్ళ గురించి ఒక మాట చెప్పాలి. మధురవాడ, ఆరిలోవ వైపు కొండవాలు మీద కట్టిన ఇళ్ళల్లో ఒక గది వెనక గోడ నిజానికి కొండని ఆపే రాతి గోడ అయివుంటుంది. పాత ఊళ్ళో అడుగున్నర మందం రాతి గోడలు ఇంకా ఉన్నాయి. వాటి గుండా సిగ్నల్ పంపాలని పట్టుపట్టకండి, గుమ్మాల దారిన తిప్పండి. డూప్లెక్స్ ఇళ్ళల్లో అయితే శ్లాబులోంచి కాకుండా మెట్ల దారిలోంచి పైకి వెళ్ళేలా, మెట్ల మలుపు దగ్గర పెట్టండి. ఇక మన ఇంట్లో మనమే కట్టుకున్న గోడలు కొన్ని ఉన్నాయి: ఇనప బీరువా, ఫ్రిజ్, నిలువుటద్దం, చేపల తొట్టి. రౌటర్ బీరువా పైన, ఎక్స్‌టెండర్ బీరువా వెనక ఉన్న ఇంట్లో ఎన్ని డబ్బాలు మార్చినా అంతే.

చోటు కుదిరింది అనుకుంటే ప్లగ్గు కుదరదు. మన సాకెట్లు సోఫా వెనక, నేలకి అడుగు ఎత్తులో ఉంటాయి. సోఫా వెనక గుచ్చితే మనుషులూ సోఫా కలిసి సిగ్నల్ తాగేస్తాయి. నడుము నుంచి ఛాతీ ఎత్తులో ఉన్న స్విచ్‌బోర్డు సాకెట్టే మంచిది. ఇంకా ముఖ్యం, ఆ డబ్బా బరువంతా ప్లగ్గు పిన్నుల మీదే వేలాడుతుంది. రెండు సన్నపిన్నుల ప్లగ్గుని మన మూడు కన్నాల సాకెట్‌లో గుచ్చితే వదులుగా కూర్చుంటుంది. ఫ్యాన్ గాలికో, తలుపు దబ్బున వేసినప్పుడో ఒక్క క్షణం కరెంటు తెగితే చాలు, అది మళ్ళీ మొదటినుంచి లేస్తుంది. లేవడానికి ఒకటి రెండు నిమిషాలు. ఇంట్లోవాళ్ళకి అది నెట్ పోయినట్టు కనిపిస్తుంది. వేలితో మెల్లగా కదిపి చూడండి. దీపాలు ఆరి వెలిగితే జబ్బు వైఫైది కాదు, సాకెట్‌ది. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి సాకెట్ మార్పించుకోండి.

సరే, చోటు సరిగానే ఉంది, ప్లగ్గూ గట్టిగా ఉంది, అయినా తెగుతోంది. అప్పుడు తప్పు ఏ మెట్టులో ఉందో విడదీయాలి. స్పీడ్ టెస్ట్ దీనికి పనికిరాదు, అది మొత్తం దారిని కలిపి ఒకే అంకె ఇస్తుంది. పింగ్ కావాలి, అంటే ఒక అడ్రసుకి చిన్న పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో తిరిగొస్తుందో చూడటం. ల్యాప్‌టాప్‌ని ఎక్స్‌టెండర్‌కి కలిపి, దాని పక్కనే కూర్చోండి. కమాండ్ ప్రాంప్ట్ మూడు కిటికీలు తెరవండి. మొదటిదాంట్లో పింగ్ అని కొట్టి ఎక్స్‌టెండర్ అడ్రసు, రెండోదాంట్లో రౌటర్ అడ్రసు, అది ఎక్కువగా 192.168.1.1 లేదా 192.168.0.1 ఉంటుంది. మూడోదాంట్లో 8.8.8.8, అది బయట ఇంటర్నెట్‌లో ఉండే గూగుల్ వాళ్ళ పబ్లిక్ డీఎన్ఎస్, అంటే సైట్ల పేర్లకి అడ్రసులు చెప్పే సర్వర్. మూడింటి చివరా ఒక ఖాళీ ఇచ్చి మైనస్ టి (-t) పెడితే మీరు ఆపేదాకా ఆగకుండా నడుస్తుంది. పావుగంట వదిలేయండి.

చదవడం తేలిక. ఎక్స్‌టెండర్‌కి వెళ్ళే పింగ్ రెండు మూడు మిల్లీసెకన్లలో తిరిగొస్తూ, రౌటర్‌కి వెళ్ళేది మాత్రం 5, 8, 240, టైమవుట్, 6, టైమవుట్ అని గెంతులేస్తుంటే తప్పు ఎక్స్‌టెండర్‌కీ రౌటర్‌కీ మధ్య ఉంది. మొదటిదే గెంతుతుంటే మీకూ ఎక్స్‌టెండర్‌కీ మధ్య. మొదటి రెండూ నిలకడగా ఉండి 8.8.8.8 ఒక్కటే పడుతుంటే ఇంట్లో ఏ డబ్బాదీ తప్పు కాదు, ఫైబర్ కనెక్షన్ వాళ్ళకి ఫోన్ చేయండి. ఫైబర్ పెట్టె మీద లాస్ (LOS) అనే దీపం ఎర్రగా ఉంటే కాంతి అందట్లేదని అర్థం. తీగ మరీ మడత పడిందేమో చూడండి. హుద్‌హుద్ తుఫాను తరవాత ఊళ్ళో కొన్ని ప్రాంతాల్లో కరెంటు తీగలు భూమిలోకి వెళ్ళాయి గానీ ఫైబర్ తీగలు చాలా వీధుల్లో ఇంకా గాల్లోనే ఊగుతున్నాయి, అది వేరే కథ.

ఈ పావుగంట పరీక్ష చేయకుండా ఎవరూ కొత్త ఎక్స్‌టెండర్ కొనకండి. నిజంగా చెబుతున్నాను.

ఇక స్పీడు. డబ్బా మీద 300 ఎంబీపీఎస్ అని ఉంటుంది, చేతికి 35 వస్తుంది, మోసం అంటారు. మోసం అనను గానీ ఆ అంకె అర్థం వేరు. 2.4 గిగాహెర్ట్జ్‌లో రెండు యాంటెనాలతో 40 మెగాహెర్ట్జ్ వెడల్పు ఛానెల్, అంటే గాల్లో దారి, దొరికితే గాల్లో రేడియో మాట్లాడుకునే అత్యధిక రేటు 300. అపార్ట్‌మెంట్‌లో అంత వెడల్పు దొరకదు, 20కి కుదించుకుంటే అది 144 అవుతుంది. అందులో వైఫై తన సొంత మర్యాదలకి, అంటే ఎవరు ముందు మాట్లాడాలి, అందిందా లేదా అన్నవాటికి, దాదాపు సగం ఖర్చు పెడుతుంది. మిగిలింది డెబ్బై చిల్లర అనుకోండి. చవక ఎక్స్‌టెండర్‌కి ఒకే రేడియో. ఒకే నోరు, ఒకే చెవి. రౌటర్ చెప్పింది విని అదే మాట మళ్ళీ మీ ఫోన్‌కి చెప్పాలి, వింటూ చెప్పలేదు. అందుకని మళ్ళీ సగం. 35, 40 వస్తే అది పాడైపోలేదు, చెయ్యగలిగింది చేస్తోంది.

ఏసీ 1200 అని రాసినవాటికి రెండు రేడియోలు: 2.4లో 300, 5లో 867, కలిపి గుండ్రంగా 1200. వీటితో ఒక వెసులుబాటు ఉంది. రౌటర్‌తో 5లో మాట్లాడించి, గదిలో ఫోన్లకి 2.4లో ఇప్పించవచ్చు, లేదా తిరగేయవచ్చు. అప్పుడు సగం కోత తప్పుతుంది. కొన్ని మోడళ్ళ సెట్టింగ్స్‌లో దీనికి హై స్పీడ్ మోడ్ లాంటి పేరుంటుంది, కొన్నిట్లో రౌటర్‌తో ఏ బ్యాండ్‌లో కలవాలో ఎంచుకోవాలి. ఎక్స్‌టెండర్‌కి ఎక్స్‌టెండర్ తగిలించడం మాత్రం వద్దు. సగంలో సగం అవుతుంది, తెగే చోట్లు రెండింతలవుతాయి.

సాయంత్రం ఏడింటికే తెగుతోంది, పగలంతా బాగానే ఉంటోంది అనేవాళ్ళు చేతులెత్తండి. చూశారా. అది పక్కింటివాళ్ళ పుణ్యం. మనం పక్కింటివాళ్ళ పుణ్యం అంటాం, వాళ్ళు మన పుణ్యం అంటారు. 2.4లో మన దేశంలో 13 ఛానెళ్ళున్నా ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి మూడే: 1, 6, 11. నాలుగో అంతస్తులో నిలబడి స్కాన్ చేస్తే ముప్పై పేర్లు కనిపిస్తాయి, అందరూ ఆ మూడు గట్ల మధ్యే. కొందరు తెలివిగా 3 పెట్టుకుంటారు. అప్పుడు 1 మీదున్నవాళ్ళకీ 6 మీదున్నవాళ్ళకీ కలిపి అడ్డం పడుతుంది. 12, 13 ఖాళీగా ఉన్నాయి కదా అని వెళ్తే, అమెరికా సెట్టింగ్‌తో వచ్చిన ల్యాప్‌టాప్‌లకి మీ నెట్‌వర్క్ అసలు కనిపించదు. ఎనలైజర్‌లో చూసి 1, 6, 11లో బలమైన పక్కింటి సిగ్నళ్ళు తక్కువున్నది ఎంచుకోండి. వెడల్పు 20 మెగాహెర్ట్జ్‌కి బిగించండి.

ఇక్కడ చాలామంది తప్పిపోయే సంగతి. ఎక్స్‌టెండర్ పేజీలో ఛానెల్ మార్చడానికి చూస్తారు, మీట పనిచేయదు. చేయదు. ఎక్స్‌టెండర్ ఏ బ్యాండ్‌లో రౌటర్‌తో కలుస్తుందో ఆ బ్యాండ్‌లో రౌటర్ ఏ ఛానెల్‌లో ఉంటే తనూ అక్కడే ఉండాలి. మార్చాల్సింది రౌటర్‌లో. పైగా రౌటర్‌లో ఛానెల్ ఆటో అని ఉంటే, అది ఏ రాత్రో తనకి నచ్చిన ఛానెల్‌కి మారిపోతుంది. ఎక్స్‌టెండర్ పాత చోటే పిలిచి పిలిచి, దొరక్క, అన్ని ఛానెళ్ళూ వెతుక్కుంటూ పోతుంది. కొన్నిసార్లు దొరుకుతుంది, కొన్నిసార్లు అలిగి కూర్చుంటుంది. ఆటో తీసేసి అంకె ఇవ్వండి. ఎక్స్‌టెండర్ ఉన్న ఇంట్లో రౌటర్‌కి స్థిరమైన ఛానెల్ ఉండాలి, దీనికి మినహాయింపు లేదు.

5 గిగాహెర్ట్జ్‌లో 36 నుంచి 48 దాకా, లేదా 149 పైన పెట్టండి. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవాటికి రాడార్ నిబంధన ఉంది. ఆ ఛానెల్‌లోకి వెళ్ళేముందు రౌటర్ కనీసం ఒక నిమిషం చెవి ఒగ్గి వినాలి, రాడార్ లాంటిది వినిపిస్తే వెంటనే ఖాళీ చేసి అరగంట దాకా తిరిగి రాకూడదు. మనది రేవూ, నావికాదళమూ, విమానాశ్రయమూ ఉన్న ఊరు. అన్ని రాడార్లూ ఈ పట్టీలో ఉండవు లెండి, ఓడల మీద తిరిగేవి మామూలుగా 3, 9 గిగాహెర్ట్జ్ దగ్గరుంటాయి. కానీ రౌటర్‌కి అనుమానం వస్తే చాలు, అది లేచిపోతుంది. చాలా చవక ఎక్స్‌టెండర్లకి ఈ నడిమి ఛానెళ్ళు అసలు తెలియనే తెలియవు. నిన్నటిదాకా కనిపించిన 5 గిగాహెర్ట్జ్ పేరు ఈరోజు ఎక్స్‌టెండర్ జాబితాలో లేదంటే ముందు ఇది చూడండి.

వంటింటి మైక్రోవేవ్ 2.45 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తుంది. అన్నం వేడిచేసే రెండు నిమిషాలు 2.4 వైఫై తడబడటం సహజం. వంటింటి గోడకి అవతలి పక్క సాకెట్ వాడకండి, అంతే.

ఇక "కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు" అనే రోగం. ఇది రేడియోది కాదు, అడ్రసులది. ఇంట్లో ప్రతి ఫోన్‌కీ అడ్రసు పంచే పని ఒక్కరే చేయాలి, అది రౌటర్. ఎక్స్‌టెండర్ కూడా డీహెచ్‌సీపీ అని ఆ పని మొదలుపెడితే ఇద్దరు పురోహితులు ఒకే పెళ్ళికి రెండు ముహూర్తాలు పెట్టినట్టే. ఏ ఫోన్‌కి ఎవరి దగ్గర అడ్రసు వచ్చిందన్నదాన్ని బట్టి ఒకటి పనిచేస్తుంది, ఒకటి చేయదు, మర్నాడు తారుమారవుతుంది. ఎక్స్‌టెండర్ పేజీలో డీహెచ్‌సీపీ ఆపేయండి. ఆటో అన్న వీలుంటే దాన్ని నమ్మకండి, ఆఫ్ చేయండి. మీ రౌటర్ అడ్రసు 192.168.1.1 అయితే, అందులో పంచే అడ్రసులు 192.168.1.20 నుంచి మొదలయ్యేలా పెట్టి, ఎక్స్‌టెండర్‌కి 192.168.1.2 అని శాశ్వతంగా ఇవ్వండి. మీ పింగ్ పరీక్షకి కూడా ఆ అడ్రసు ఎప్పుడూ తెలిసే ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో అడ్రసు 169.254తో మొదలైతే దానికి ఎవరూ అడ్రసు ఇవ్వలేదు, తనంతట తనే పెట్టుకుంది అని అర్థం. ఎక్స్‌టెండర్‌కీ రౌటర్‌కీ మధ్య తీగ తెగినట్టే లెక్క.

రౌటర్‌లో మ్యాక్ ఫిల్టర్, అంటే అనుమతించిన ఫోన్ల గుర్తింపు సంఖ్యల జాబితా, పెట్టుకున్నవాళ్ళు ఇంకో చిక్కులో పడతారు. చాలా ఎక్స్‌టెండర్లు తమ వెనకున్న ఫోన్లన్నిటి మ్యాక్ అడ్రసుల్నీ రౌటర్‌కి వేరే రూపంలో చూపిస్తాయి. మీరు అనుమతించిన ఫోన్ ఎక్స్‌టెండర్ వెనక్కి వెళ్ళేసరికి పరాయిదైపోతుంది. ఫిల్టర్ తీసేసి మంచి పాస్‌వర్డ్ పెట్టుకోవడమే నయం.

పాస్‌వర్డ్ అన్నాను కాబట్టి, రౌటర్‌లో భద్రత డబ్ల్యూపీఏ3 మాత్రమే అని ఉంటే పాత ఎక్స్‌టెండర్ కలవదు, పాస్‌వర్డ్ కొట్టకుండా కలిపే డబ్ల్యూపీఎస్ బటన్ కూడా పనిచేయదు. డబ్ల్యూపీఏ2 ఏఈఎస్ పెట్టండి. టీకేఐపీ అన్న పాత భద్రతా పద్ధతి ఎక్కడ కనిపించినా తీసేయండి, దానితో వేగం 54 దాటదు. కనెక్షన్ వాళ్ళు వచ్చి ఫైబర్ పెట్టె మార్చి వెళ్ళారనుకోండి, కొత్త పెట్టెకి పాత పేరూ పాత పాస్‌వర్డూ అక్షరం పొల్లుపోకుండా పెట్టేయండి. ఎక్స్‌టెండర్, టీవీ, గేటు కెమెరా అన్నీ వాటంతటవే కలుస్తాయి. లేదంటే ఒక్కొక్కదాన్నీ బతిమాలుకోవాలి.

కరెంటు గురించి కాస్త ఎక్కువ చెబుతాను, ఎందుకంటే అక్టోబరు, నవంబరు నెలల్లో తుఫాను గాలి వస్తే ఈ ఊళ్ళో అసలు పరీక్ష అప్పుడే. చాలామంది ఫైబర్ పెట్టెకి 12 వోల్టుల మినీ యూపీఎస్ కొన్నారు. మంచిదే. కరెంటు పోయినా హాల్లో నెట్ ఉంటుంది. ఎక్స్‌టెండర్ నేరుగా 230 వోల్టుల గోడ సాకెట్‌లో ఉంది, అది మాత్రం చస్తుంది. మినీ యూపీఎస్‌కి దాన్ని తగిలించే దారి లేదు. కొనేటప్పుడే విడి అడాప్టర్‌తో వచ్చే బల్ల మీద మోడల్ కొంటే, అడాప్టర్ మీద వోల్టు ఎంతుందో చూసి దానికీ ఒక మినీ యూపీఎస్ పెట్టుకోవచ్చు. వోల్టు కచ్చితంగా సరిపోవాలి, ఆంపియర్లు యూపీఎస్‌వి ఎక్కువున్నా పరవాలేదు. ఇన్వర్టర్ ఉన్నవాళ్ళు ఎక్స్‌టెండర్ సాకెట్ ఇన్వర్టర్ లైన్ మీదే ఉందా చూసుకోండి, ఫ్యాన్లూ లైట్లే కలిపి సాకెట్లు వదిలేసిన ఇళ్ళు చాలా. ఇన్వర్టర్ వెనకో పక్కనో యూపీఎస్, నార్మల్ అని చిన్న మీట ఉంటుంది. నార్మల్‌లో ఉంటే కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే లోపల రౌటర్ ఒకసారి చచ్చి లేస్తుంది. యూపీఎస్ వైపు తిప్పండి.

ఇక అన్నీ ఒకేసారి పోయి ఒకేసారి వస్తే ఎక్స్‌టెండర్ నిమిషంలో లేస్తుంది, ఫైబర్ పెట్టెకి మూడు నిమిషాలు కూడా పట్టవచ్చు. ముందు లేచినది రౌటర్‌ని వెతికి, దొరక్క, కొన్ని మోడళ్ళలో మళ్ళీ వెతకడం మానేస్తుంది. అదే "కరెంటు వచ్చింది గానీ ఎక్స్‌టెండర్ రాలేదు". దాని స్విచ్ ఆపి, రౌటర్ ఇంటర్నెట్ దీపం నిలకడగా వెలిగాక వేయండి. స్థిర ఛానెల్ ఇచ్చినవాళ్ళకి ఈ అవస్థ బాగా తగ్గుతుంది.

వేడి, ఉప్పుగాలి, దుమ్ము గురించి క్లుప్తంగా. ఎక్స్‌టెండర్ లోపలే కరెంటు సప్లై ఉంటుంది కాబట్టి గోరువెచ్చగా ఉండటం మామూలే. చెయ్యి ఆనించలేనంత కాలితే, మేలో మధ్యాహ్నాలు మాత్రమే తెగుతుంటే, కర్టెన్ వెనకనుంచి తీయండి. బీచ్ రోడ్డు, లాసన్స్ బే వైపు బాల్కనీలో పెట్టిన డబ్బాల్లో నెట్ తీగ దూరే చోట పిన్నులకి పచ్చ చిలుము పడుతుంది. రేవు దగ్గర ఇళ్ళల్లో గాలిరంధ్రాల్లో నల్లదుమ్ము. మెత్తటి బ్రష్‌తో దులపండి, తడిగుడ్డ వద్దు.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒక పెద్దాయన: రౌటర్ వైఫైకీ ఎక్స్‌టెండర్ వైఫైకీ ఒకే పేరు పెట్టాలా, వేరు పెట్టాలా?)

ముందు వేరుగా పెట్టండి బాబుగారూ. సమస్య ఎక్కడుందో తేలేదాకా వేరు పేర్లుంటేనే మీరు దేనికి కలిశారో తెలుస్తుంది. తేలాక ఒకటే చేసుకోవచ్చు. ఒకటే పేరు పెట్టినంత మాత్రాన ఫోన్ దగ్గరదానికి దూకుతుందని అనుకోకండి. ఎప్పుడు మారాలో నిర్ణయించేది ఫోన్. ఐఫోన్ మైనస్ 70 దాటేదాకా వేరే దానికోసం వెతకడమే మొదలుపెట్టదు. అప్పటిదాకా హాల్లో రౌటర్‌నే పట్టుకుని వేలాడుతుంది. అందుకే ఎక్స్‌టెండర్ పక్కన కూర్చున్నా నెట్ నెమ్మది. వైఫై ఒకసారి ఆపి వేస్తే దగ్గరది పట్టుకుంటుంది. కదలని టీవీ, డెస్క్‌టాప్ లాంటివాటికి మాత్రం ఎప్పటికీ వేరు పేరే మేలు.

(ఒకావిడ: మెష్ కొంటే ఇవన్నీ పోతాయా?)

కొన్ని పోతాయండి. మెష్ అంటే ఒకే జట్టుగా పనిచేసే వైఫై డబ్బాలు. ఫోన్‌ని ఒకదాన్నించి ఇంకోదానికి నడిపించడం మెష్ బాగా చేస్తుంది. ఛానెల్, అడ్రసులు తనే చూసుకుంటుంది. కానీ దాని రెండో డబ్బా కూడా గాల్లోనే మొదటిదాంతో మాట్లాడాలి, రాతి గోడ దానికీ రాతి గోడే. మైనస్ 75 దగ్గర పెట్టిన మెష్ కూడా ఖరీదైన ఎక్స్‌టెండరే. రౌటర్‌తో మాట్లాడటానికి విడిగా మూడో రేడియో ఉన్నవి నయం.

నన్నడిగితే, ఆ డబ్బుతో ముందు తీగ లాగించండి. మీ దగ్గరున్న ఎక్స్‌టెండర్‌కి నెట్ తీగ దూరే రంధ్రం ఉంటే, సెట్టింగ్స్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ అని ఉంటుంది. రౌటర్ నుంచి తీగ లాగి దాన్ని ఆ మోడ్‌లో పెడితే ఇందాక చెప్పిన సగం కోతా, ఛానెల్ వెతుకులాటా, గోడల గొడవా ఉండవు. అప్పుడు దాన్ని చివరి పడకగదిలోనే పెట్టుకోవచ్చు, రౌటర్‌ది 1 అయితే దీనికి 6 ఇవ్వచ్చు. ఒక్క జాగ్రత్త. తీగ పెట్టి, పాత వైర్‌లెస్ లింకు తీయకుండా వదిలేస్తే మాట గుండ్రంగా తిరుగుతుంది: తీగలో వెళ్ళి గాల్లో వచ్చి మళ్ళీ తీగలోకి. అన్ని దీపాలూ ఒక్కసారి పిచ్చిగా మినుకుమంటాయి, ఇంట్లో మొత్తం నెట్ ఆగిపోతుంది. అందుకని ముందు మోడ్ మార్చి, తరవాత తీగ గుచ్చండి.

(ఒక కుర్రాడు: తీగ ఏది కొనాలి? చివర్లు మనమే వేసుకోవచ్చా?)

వేసుకోవచ్చు. క్యాట్ 6 తీసుకో, క్యాట్ 5ఈ అయినా గిగాబిట్‌కి చాలు, వంద మీటర్ల లోపు అయితే. తీగ చివర ప్లగ్గు నొక్కి బిగించే క్రింపింగ్ సాధనం ఒకటి, ఆర్‌జే 45 ప్లగ్గులు పది, తీగ పరీక్షించే దీపాల డబ్బా ఒకటి. ప్లగ్గు నాలుక కిందకి ఉండేలా పట్టుకుని ఎడమనుంచి వరస: తెల్లనారింజ, నారింజ, తెల్లపచ్చ, నీలం, తెల్లనీలం, పచ్చ, తెల్లగోధుమ, గోధుమ. రెండు చివర్లా ఇదే వరస. పచ్చజత విడిపోయి మధ్యలో నీలం కూర్చుంటుంది, అక్కడే అందరూ పొరబడతారు. మెలికలు అరంగుళం కంటే ఎక్కువ విప్పకు. అన్నీ అయ్యాక ల్యాప్‌టాప్‌లో లింకు 1000 బదులు 100 అని చూపిస్తే ఏదో ఒక జత అందలేదు, చివర కోసి మళ్ళీ వేయి. ముందు ఎక్స్‌టెండర్ పోర్టే 100ది కాదు కదా అన్నది మాత్రం చూసుకో, చవకవాటికి చాలామటుకు అంతే ఉంటుంది.

కొట్లో చుట్ట కొనేటప్పుడు తీగ పైన ఏం రాసుందో చదువు. సీసీఏ అని ఉంటే అల్యూమినియం మీద రాగి పూత. మన ఉప్పుగాలిలో చివర్లు త్వరగా చెడతాయి, రెండుసార్లు వంచితే లోపల విరుగుతుంది. ఏమీ రాసి లేకపోతే ఒక చివర పోగు తీసి బ్లేడుతో గీకు. లోపల తెల్లగా మెరిసిందా, ఆ చుట్ట అక్కడే పెట్టేసి వచ్చెయ్.